సుంకం పెరిగినప్పుడు రొయ్యల రైతు గుంట నీళ్లను, కాయితాలను ఎలా చక్కబెట్టుకోవాలి

2025 ఆగస్టు 7న మన దేశపు సరుకు మీద అమెరికా 25 శాతం సుంకం మొదలుపెట్టింది. అదే నెల 27కి అది 50 శాతమైంది. ఆ ఇరవై రోజులూ నా రెండు గుంటల్లో రొయ్య పెరుగుతూనే ఉంది, మేత తింటూనే ఉంది, కరెంటు మీటరు తిరుగుతూనే ఉంది. రోజూ పొద్దున్నే రేటు చెప్పే ఏజెంటు మాత్రం ఫోన్ ఎత్తడం మానేశాడు. కావలికి తూర్పున బకింగ్‌హాం కాలువ పక్కన నాకున్నది నాలుగెకరాలు. అల్లూరు, విడవలూరు, ఇందుకూరుపేట మొదలుకొని పైన సింగరాయకొండ, కొత్తపట్నం దాకా నాలాంటి చిన్న రైతులు వేలల్లో ఉన్నారు. వాళ్ల కోసమే ఇది రాస్తున్నా.

ముందు సుంకం ఎట్ట పనిచేస్తుందో తేల్చుకోండి. అది కట్టేది మీరు కాదు, ఎగుమతి కంపెనీ కూడా కాదు. అమెరికా రేవులో సరుకు దించుకునే దిగుమతిదారు కడతాడు. కట్టిన డబ్బు రాబట్టుకోవడానికి అతను మన కంపెనీని రేటు తగ్గించమంటాడు, కంపెనీ ఏజెంటును తగ్గించమంటుంది, ఏజెంటు మీ గట్టు మీదికొచ్చి మిమ్మల్ని తగ్గించమంటాడు. మీ వెనక తగ్గించమని అడగడానికి ఇంకెవరూ లేరు. లెక్క చూడండి. కిలో సరుకు సుంకంతో కలిపి 900 రూపాయల్లో పడాలని అక్కడి వ్యాపారి అనుకున్నాడనుకుందాం. సుంకం లేకపోతే ఆ 900 ఇటు వస్తుంది. 50 శాతం సుంకం ఉంటే 600 ఇటు, 300 వాళ్ల ఖజానాకి. దీనికి తోడు మరీ చవకగా అమ్ముతున్నామంటూ 2005 నుంచీ వేస్తున్న యాంటీ డంపింగ్ సుంకం, మన సర్కారు రాయితీలకు విరుగుడంటూ 2024లో మన రొయ్యల మీద ఖాయం చేసిన 5.77 శాతం కౌంటర్‌వేలింగ్ సుంకం వేరే. ఈ అంకెలు మారుతుంటాయి. మీరు సీడ్ (రొయ్య పిల్లలు) వేసే రోజున ఎంత ఉందో అడిగి తెలుసుకోండి. పోయిన పంట రేటును నమ్ముకొని సీడ్ వేయొద్దు.

సుంకం మీద మీకూ నాకూ చెయ్యి లేదు. కానీ పరదేశపు గుమ్మం దగ్గర సుంకంతో పాటు ఇంకొకటి నిలబడి ఉంటుంది: ప్రమాణం. రొయ్యలో మందు అవశేషం ఉందా, ఏ గుంటలో పెరిగింది, ఆ గుంట వదిలిన నీళ్లు ఏమయ్యాయి అనే ప్రశ్నలు. సుంకాన్ని రైతు తీర్చలేడు, ప్రమాణాన్ని తీర్చగలడు. పైగా ఆ ప్రమాణం తీర్చడానికి చేసే పనే మన కాలువనూ, పక్క ఊరి బావినీ కాపాడే పని. అందుకే రేటు పడినప్పుడు చేతులు ముడుచుకోకుండా ఈ పనులకు దిగమంటున్నా.

మొదటి పని: మీ సరుకు ఎక్కడికి పోతోందో అడగండి

చాలామందికి ఇది తెలియదు. నేనూ పదేళ్లు అడగలేదు. ఏజెంటును సూటిగా అడగండి: మీ కంపెనీ ఏ దేశానికి ఎక్కువ పంపుతుంది? అమెరికాకా, చైనాకా, జపానుకా, యూరప్‌కా? 2024-25లో మన దేశం 16.98 లక్షల టన్నుల సముద్ర ఉత్పత్తులు, 62,408 కోట్ల రూపాయల సరుకు ఎగుమతి చేసింది. అందులో 43 వేల కోట్లకు పైగా గడ్డకట్టించిన రొయ్యలదే. ఆ ఏడాది అందరికన్నా పెద్ద కొనుగోలుదారు అమెరికా. అమెరికా ఒక్కదానికే పంపే కంపెనీకి అమ్మితే, సుంకం దెబ్బ మొత్తం మీ మీద పడుతుంది. రెండు మూడు దేశాలకు పంపే కంపెనీల పేర్లు కనుక్కొని, కనీసం ఇద్దరు ఏజెంట్లతో మాట కలిపి ఉంచుకోండి.

ఒక్కో దేశం ఒక్కో చోట గట్టిగా పట్టుకుంటుంది. మన పెంపకం రొయ్యల కంటైనర్లలో సగానికి సగం యూరప్ రేవుల్లో తనిఖీకి తీస్తారు. 2016లో ఆ వాటాను 10 నుంచి 50 శాతానికి పెంచారు. అమెరికా సంగతి వేరు. సముద్రంలో వల వేసి పట్టిన మన రొయ్యను వాళ్లు 2019 నుంచి రానివ్వడం లేదు. వలలో చిక్కిన తాబేలు తప్పించుకునే పరికరం మన బోట్లలో లేదన్నది కారణం. ఈ తగాదా పాతది. 1996లో భారత్, మలేషియా, పాకిస్తాన్, థాయ్‌లాండ్ కలిసి అమెరికా మీద ప్రపంచ వాణిజ్య సంస్థలో ఫిర్యాదు చేశాయి. 1998లో వచ్చిన తీర్పు, తాబేళ్లను కాపాడుకోవడం కోసం ఆంక్ష పెట్టడం తప్పు కాదనీ, దాన్ని దేశానికొక తీరుగా అమలు చేయడమే తప్పనీ చెప్పింది. మన తీరానికి గుడ్లు పెట్టడానికొచ్చి, చచ్చి కొట్టుకొచ్చిన ఆలివ్ రిడ్లీ తాబేళ్లను చూసినవాడిగా ఆ తీర్పులో సగం నాకు న్యాయంగానే తోస్తుంది. మీకు సంబంధించిన ముక్క ఇది: గుంటలో పెంచిన రొయ్యకు ఆ నిషేధం లేదు, కానీ అది గుంటలో పెంచిందే అని కాయితం మీద చూపించాలి. మీ గుంటకు నంబరు లేకపోతే కంపెనీ ఆ మాట ఎట్ట రాసిస్తుంది?

యూరప్ కార్బన్ పన్ను గురించి కూడా భయపెడుతున్నారు. 2026 జనవరి 1 నుంచి దిగుమతయ్యే సరుకుకు, దాని తయారీలో వెలువడే కార్బన్‌ను బట్టి వేసే ఆ పన్ను సిమెంటు, ఇనుము ఉక్కు, అల్యూమినియం, ఎరువులు, హైడ్రోజన్, కరెంటు మీద. రొయ్యలు అందులో లేవు. దాని గురించి నిద్ర చెడగొట్టుకోవద్దు.

రెండో పని: కాయితాలు

కోస్టల్ ఆక్వాకల్చర్ అథారిటీ రిజిస్ట్రేషన్ మొదటిది. 2005 చట్టం ప్రకారం తీరప్రాంతంలో ఉప్పునీటి సాగుకు ఇది తప్పనిసరి. ఐదేళ్లకిస్తారు. గడువు తేదీ ఇప్పుడే తీసి చూడండి, చాలామందిది ఎప్పుడో దాటిపోయి ఉంటుంది. దరఖాస్తు ఎట్ట చేయాలో జిల్లా మత్స్యశాఖ కార్యాలయంలో అడగండి. రెండోది రాష్ట్రంలో 2020లో వచ్చిన ఆక్వా అభివృద్ధి ప్రాధికార సంస్థ, మనం అప్సడా అంటున్నది, దాని లైసెన్సు. మూడోది సముద్ర ఉత్పత్తుల ఎగుమతులు చూసే కేంద్ర సంస్థ ఎంపెడా దగ్గర గుంట నమోదు. ఈ మూడింటి నంబర్లూ ఒక అట్టముక్క మీద రాసి షెడ్డులో తగిలించండి. ఊళ్లోని ఫిషరీస్ అసిస్టెంటు దగ్గర ఈ-ఫిష్ అనే ఆన్‌లైన్ పద్దులో పంట నమోదు కూడా చేయించండి. ఇవన్నీ నాలుగు రోజులు తిరిగితే అయ్యే పనులు. బ్రోకరు చేతికి డబ్బులిచ్చి వదిలేయొద్దు. తప్పు సర్వే నంబరు పడితే దిద్దించుకోవడానికి ఆరు నెలలు పడుతుంది, నాకు పట్టింది.

మూడో పని: మురికి పుట్టేచోటే తగ్గించడం

గుంట నీళ్లు పాడయ్యేది మేతతో. ఈ లెక్క ఒకసారి వేసుకుంటే మళ్లీ మరిచిపోరు. టన్ను రొయ్యకు ఒకటిన్నర టన్నుల మేత వేశారనుకోండి. అందులో 35 శాతం ప్రొటీన్, ప్రొటీన్‌లో 16 శాతం నత్రజని. అంటే 84 కిలోల నత్రజని గుంటలో పడింది. టన్ను రొయ్య తన ఒంట్లో పట్టుకెళ్లేది 30 కిలోల లోపే. తతిమ్మా 54 కిలోలు నీళ్లలో, నల్ల బురదలో ఉండిపోతాయి. అదే 1.3 టన్నుల మేతతో ఆ టన్ను తీస్తే, 200 కిలోల మేత డబ్బు మిగులుతుంది, 11 కిలోల నత్రజని కాలువలోకి పోకుండా ఆగుతుంది. రేటు పడిన ఏడాది ఈ రెండూ మనకు కావాల్సినవే.

అందుకని చెక్ ట్రే (మేత ఎంత తిన్నదో తెలియడానికి గుంటలో దించే పళ్లెం) చూడకుండా మేత వేయొద్దు. మబ్బు పట్టిన రోజు, రొయ్య కుబుసం విడిచే రోజు మేత తగ్గించండి. సీడ్ కూడా తగ్గించండి. మనం ఎక్కువగా పెంచే వెనామీ రకం రొయ్యకు చదరపు మీటరుకు 60 పిల్లల దాకా అనుమతి ఉంది, అంటే ఎకరాకు రెండున్నర లక్షలకు దగ్గర. సుంకం ఎటు పోతుందో తెలియని కాలంలో దానిలో సగం వేయమని నా సలహా. పల్చగా వేస్తే కౌంట్ (కిలోకి ఎన్ని రొయ్యలు తూగుతాయనే లెక్క) తొందరగా వస్తుంది, నీళ్లకు గాలి ఎక్కించే ఏరేటర్ల ఖర్చు తగ్గుతుంది, రోగం వచ్చినా పోయేది తక్కువ.

నాలుగో పని: వ్యర్థపు నీటి గుంట

దీన్ని ఈటీఎస్ అంటారు. వెనామీకి మార్గదర్శకాలు పెట్టినప్పుడే, సాంద్రత ఎక్కువ కాబట్టి ఇది ఉండాలని రాశారు. మన గట్ల మీద నడిచి చూస్తే ఎన్ని చోట్ల ఉందో మీకే తెలుసు. ఉన్నచోట కూడా దాన్లో సీడ్ వేసి పెంచుతున్నారు. నా స్థలంలోనూ 2021 దాకా లేదు. కాలువలోకి నేరుగా తూము ఉండేది.

మొత్తం విస్తీర్ణంలో కనీసం పదో వంతు దీనికి వదలాలి. నాలుగెకరాలకు 40 సెంట్లు. ఒకటిన్నర మీటర్ల లోతు తీస్తే 2,400 ఘనపు మీటర్ల నీళ్లు పడతాయి. మిగిలిన 3.6 ఎకరాల్లో 1.2 మీటర్ల నీళ్లుంటే అవి 17,500 ఘనపు మీటర్లు. అంటే మీ ఈటీఎస్ ఒక్క దఫాలో ఏడో వంతు మాత్రమే పట్టుకుంటుంది. చాలామంది ఇక్కడే "ఇది సరిపోదు, దండగ" అని వదిలేస్తారు. సరిపోతుంది, వాడే తీరు తెలిస్తే. గుంటలో పై నీళ్లు కాస్త తేటగానే ఉంటాయి. విషమంతా అడుగున చివరి 15 సెంటీమీటర్లలో ఉంటుంది. ఆ 15 సెంటీమీటర్లు దాదాపు 2,200 ఘనపు మీటర్లు. పట్టుబడి (రొయ్యలు పట్టే) రోజున ఈటీఎస్‌ను ఖాళీగా ఉంచుకుంటే ఆ నీళ్లన్నీ అందులో పడతాయి. నేను ఈ ఒక్క సంగతి ఆలస్యంగా తెలుసుకున్నా.

40 సెంట్లను మూడు భాగాలుగా అడ్డుగట్లు వేయండి. మొదటిది తేరే గుంట: నీళ్లు కదలకుండా నిలిచి బురద అడుక్కి చేరాలి. నీళ్లు వచ్చే మూల, పోయే మూల ఎదురెదురుగా ఉండాలి, లేకపోతే వచ్చిన నీరు వచ్చినట్టే పక్కనుంచి జారిపోతుంది. రెండోది బతికున్న వడపోత: బొంత చేపలు, పాలచేపలు, ఆల్చిప్పలు. ఇవి నాచునీ, తేలే మురికినీ తింటాయి. మూడో దాంట్లో ఒక ఏరేటర్ పెట్టి, నీళ్లకు గాలి ఎక్కించాకే తూము ఎత్తండి. గుంట తవ్విన మట్టి గట్లకే పనికొస్తుంది. ఖర్చంతా ప్రొక్లెయిన్ గంటలకే. ఎకరం లోపు ఉన్నవాళ్లు నలుగురు కలిసి ఒకటి తవ్వుకోవడం మేలు.

వదిలే నీటికి చట్టంలో హద్దులున్నాయి. మన కాలువలకూ, వాగు మొగలకూ వర్తించే అంకెలు రాసుకోండి: పీహెచ్ 6 నుంచి 8.5 మధ్య, తేలే మురికి లీటరుకు 100 మిల్లీగ్రాములు మించకూడదు, ఆక్సిజన్ 3కు తగ్గకూడదు, స్వేచ్ఛా అమ్మోనియా 0.5 లోపు, బీఓడీ (నీళ్లలోని మురికి కుళ్లేటప్పుడు లాక్కునే ఆక్సిజన్) 20 లోపు. సముద్రంలోకి నేరుగా వదిలేవాళ్లకు అమ్మోనియా 1, బీఓడీ 50. వాగుకు గట్టి హద్దు పెట్టడంలో అర్థముంది, అక్కడ నీరు పలచబడే చోటు తక్కువ. పీహెచ్, అమ్మోనియా, ఆక్సిజన్ కిట్లు మనదగ్గరుండేవే. బీఓడీకి ల్యాబ్‌కు పోవాలి, పంటకొకసారి చాలు. తేలే మురికికి ఒక ఇంటి పద్ధతి: లీటరు తెల్ల సీసాలో నీళ్లు పట్టి గంటసేపు కదపకుండా పెట్టండి. అడుగున పేరుకున్న మన్ను కంటికి కనిపిస్తే ఇంకో రెండు రోజులు ఆపండి. ఇది ల్యాబ్ పరీక్షకు బదులు కాదు, తూము ఎత్తాలా వద్దా అనేదానికి మాత్రమే.

పట్టుబడి అయ్యాక గుంట ఎండనివ్వండి. నల్ల బురదను మోటారు పెట్టి కాలువలోకి కొట్టొద్దు. ఎండాక గీకి మీ స్థలంలోనే, గట్టు లోపలివైపు పోయండి. అందులో ఉప్పుంటుంది, పొలంలోకి తోలొద్దు. ఒకప్పుడు మొలగొలుకులు పండిన మళ్లు మా ఊరి పడమట ఉండేవి. గుంటల ఉప్పు ఊరి, మూడో ఏటికి నారు కూడా బతకలేదు. ఆ రైతు మా నాన్నకు బావ వరస. ఆయన చివరికి ఆ మళ్లను కూడా రొయ్యల గుంటలకే కౌలుకిచ్చాడు. 1996 డిసెంబరు 11న సుప్రీంకోర్టు తీరంలోని రొయ్యల చెరువుల మీద అంత కటువైన తీర్పు ఇచ్చిందంటే ఇట్టాంటి బావులు, మళ్లు కారణం. కోస్టల్ ఆక్వాకల్చర్ అథారిటీ పుట్టిందీ ఆ తీర్పు తర్వాతే.

ఐదో పని: రోగం వస్తే తూము మూయడం

2019 వేసవిలో మా కాలువ పైన ఒకాయన గుంటలో తెల్లమచ్చ రోగం వచ్చింది. రాత్రికి రాత్రి నీళ్లన్నీ కాలువలోకి వదిలేశాడు. మూడో రోజు పోటు మీద మేం నీళ్లు తోడాం. వారానికి నా గుంట గట్ల చుట్టూ ఎర్రబడ్డ రొయ్యలు తేలాయి. కింద మరో ఆరుగురివీ పోయాయి. తూము మూసి ఉంటే ఆయన నష్టం ఆయన ఒక్కడితో ఆగేది. ఆ రోజు నేను ఆయన్ని తిట్టిన తిట్లు ఇప్పటికీ గుర్తున్నాయి. ఆయన చోట నేనుంటే ఏం చేసేవాణ్నో కూడా ఆలోచించా, ఎందుకంటే నాకూ అప్పుడు ఈటీఎస్ లేదు.

తెల్లమచ్చ అనుమానం రాగానే తూము చెక్కలు బిగించి సందుల్లో మన్ను కొట్టండి. ఏరేటర్లు, వలలు, బకెట్లు పక్క గుంటకు ఇవ్వొద్దు. కాకులు చచ్చిన రొయ్య ఎత్తుకుపోకుండా తాళ్లు కట్టండి. చచ్చినవి ఏరి సున్నం వేసి లోతుగా పూడ్చండి. కాలువ మీది వాళ్లందరికీ ఫోన్ చేయండి, సిగ్గుపడొద్దు. ఆ తర్వాత బ్లీచింగ్. మోతాదు మత్స్యశాఖ వాళ్లను అడిగే వేయాలి, లెక్క మాత్రం మీరు సరిచూసుకోండి: ఎకరం గుంటలో మీటరు నీళ్లుంటే సుమారు 4,050 ఘనపు మీటర్లు. 10 పీపీఎం (పది లక్షల పాళ్లలో 10) క్లోరిన్ కావాలంటే 40 కిలోల క్లోరిన్, అంటే 30 శాతం బ్లీచింగ్ 135 కిలోలు. నిలవ ఉండి గాలి తగిలిన బ్లీచింగ్‌లో 30 శాతం ఉండదు, సంచి వాసన చూసి కొనొద్దు, తేదీ చూసి కొనండి. వారం పాటు నీళ్లు కదలకూడదు. క్లోరిన్ పూర్తిగా పోయిందని కిట్‌తో చూశాకే బయటికి వదలాలి, లేకపోతే కాలువలో పీతలు, పరిగెలు కూడా చస్తాయి. వాటి మీద బతికే యానాది కుటుంబాలు మన గట్ల కిందే ఉన్నాయి.

ఆరో పని: మందు సీసా

రేటు పడ్డప్పుడు "ఎట్టాగైనా పంట నిలబెట్టాలి" అనే ఆత్రంలో పేరు లేని పొట్లాలు కొంటాం. క్లోరాంఫెనికాల్, నైట్రోఫ్యూరాన్లు మన దేశంలోనే ఆక్వాకు నిషేధం. యూరప్‌లో నైట్రోఫ్యూరాన్ల అవశేషానికి కిలోకు 0.5 మైక్రోగ్రాము దగ్గరే సరుకు ఆగిపోతుంది. అంటే 200 కోట్ల పాళ్లలో ఒక పాలు. ఒక గుంటలో ఒకరు వేసిన పొట్లం కంటైనరంతటినీ వెనక్కి పంపగలదు. ఆ తర్వాత అందరి కంటైనర్ల మీదా నిఘా పెరుగుతుంది. లేబుల్ మీద తయారీ వివరాలు, బ్యాచ్ నంబరు లేని ఏ మందూ గుంటలో పడనీయొద్దు. బిల్లు లేకుండా అసలే కొనొద్దు.

పట్టుబడికి ముందే మందు అవశేషాలు పట్టే ఎంపెడా ఎలైజా ల్యాబ్‌లో నమూనా ఇచ్చి పరీక్ష చేయించండి, నెల్లూరులో ఉంది. యూరప్‌కు పోయే సరుకుకు ఈ సర్టిఫికెట్ కావాల్సిందే. అమెరికా తలుపు సగం మూసుకున్నప్పుడు మీకు మిగిలే తలుపుల్లో అదొకటి. రొయ్యను ఏజెంటు మనుషులకు అప్పగించేటప్పుడు ఆ కాయితం నకలు మీ దగ్గర పెట్టుకోండి.

ఏడో పని: కాలువకొక క్యాలెండరు

ఒకరి తూము నీళ్లు ఇంకొకరి మోటారు నీళ్లయ్యే చోట ఒంటరిగా ఎంత శుభ్రంగా ఉన్నా లాభం లేదు. మా కాలువ మీద పదకొండు మందిమి. ఇప్పుడు వాట్సాప్‌లో ఒక గ్రూపు ఉంది, అందులో రెండే విషయాలు రాస్తాం: ఎవరు ఎప్పుడు నీళ్లు తోడుతున్నారు, ఎవరు ఎప్పుడు వదులుతున్నారు. తోడేది పోటు మీద, వదిలేది పాటు మీద. వదిలిన రోజు, మర్నాడు ఎవరూ తోడరు. మొదట్లో ఇద్దరు ఒప్పుకోలేదు. ఒక పెద్దమ్మ, భర్త పోయాక రెండెకరాలు తనే చూసుకుంటోంది, వాళ్లింటికి వెళ్లి "అబ్బయ్యా, నీ నీళ్లు నా గుంటలోకే వస్తాయి, నా నీళ్లు నీ తమ్ముడి గుంటలోకి పోతాయి" అంది. అంతే, గ్రూపులో చేరారు.

సీడ్ వేసే తేదీలు కూడా వారం అటూ ఇటూగా కలపండి. అందరిదీ ఒకే రోజు పట్టుబడి అయితే మాత్రం కాలువ మోయలేదు, ఏజెంటూ రేటు నొక్కుతాడు. అంచెలుగా పెట్టుకోండి.

ఎనిమిదో పని: రిజిస్టరు, బేరం

ఒక లాంగ్ నోట్‌బుక్ చాలు. సీడ్ వచ్చిన తేదీ, హేచరీ పేరు, దాని రిజిస్ట్రేషన్ నంబరు, మేత సంచుల లాట్ నంబర్లు, వేసిన ప్రతి మందు, నీళ్లు వదిలిన తేదీ, గంట, ఆ రోజు కిట్ చూపిన అంకెలు. తూము ఎత్తే ముందు సీసా ఫోటో ఒకటి. అబద్ధం రాయొద్దు. చెడ్డ అంకె వచ్చిన రోజు కూడా రాస్తేనే ఆ పుస్తకాన్ని ఎవరైనా నమ్ముతారు.

దీన్ని బేరంలో వాడండి. ఏజెంటు "సుంకం పెరిగింది" అనగానే ఒప్పుకోకుండా, ఏ దేశపు సరుకు, సుంకం ఎంత, మీ కంపెనీ ఎంత మోస్తోంది, నన్నెంత మోయమంటున్నారు అని ఒక్కొక్కటిగా అడగండి. తర్వాత రిజిస్టరు, పరీక్ష కాయితం ముందు పెట్టండి. రేటు కచ్చితంగా పెరుగుతుందని నేను చెప్పను. మా దగ్గర పోయిన పంటకు యూరప్‌కు పంపే కంపెనీ మనిషి వెతుక్కుంటూ వచ్చింది మాత్రం ఈ పుస్తకాలున్న నలుగురి గట్ల మీదికే. రేటు కోసమని పెద్ద సైజు ఆశతో నిండిన గుంటను నెలల తరబడి ఆపొద్దు, అడుగు కుళ్లి మొదటికే మోసం వస్తుంది. సగం పట్టి, మిగిలినవి పెంచండి. మనకు చెన్నై బజారు దగ్గరే ఉందని కూడా మరవొద్దు.

ఈ పంట గుంటలు ఎండుతున్నవాళ్లు రేపే టేపు పట్టుకొని వెళ్లి మీ స్థలంలో పల్లంగా, తూముకు దగ్గరగా ఉన్న మూలలో పదో వంతు కొలిచి నాలుగు కర్రలు పాతండి. ప్రొక్లెయిన్ గట్లు చెక్కడానికి వచ్చినప్పుడే ఆ మూల కూడా తవ్వించుకుంటే రెండోసారి పిలిచే ఖర్చుండదు.